కొలత మన చేతికి రావాలి

(పలాసలో దళిత యువజనుల సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఉద్దానంలో, టెక్కలి పక్క మన వాడల్లో ఎవరినడిగినా "మా గుంటడు కంపెనీలో ఉన్నాడు మాస్టారూ" అంటారు. ఏటి పని అంటే "మిషను దగ్గర" అంటారు. నేనడిగేది ఒక్కటే. మిషను దగ్గరా, మిషను మీదా?

మిషను చుట్టూ ఊడ్చి, ఇనప రజను మోసేవాడు హెల్పరు. ముక్క బిగించి బటను నొక్కేవాడు ఆపరేటరు. డ్రాయింగు చదివి, కోసే పనిముట్టు ఎంచి, కొలత సరిపెట్టి, తయారైన ముక్కకు పూచీ పడేవాడు మెషినిస్టు. హెల్పరుగా వెళ్లినవాడు హెల్పరుగానే ముసలాడైపోకూడదు.

ఆ కొలత ఎంత సన్ననిదో చూడండి. ఇరుసు మందం 25 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 0.01 అని డ్రాయింగులో ఉంటే, 24.99కి తగ్గకూడదు, 25.01కి మించకూడదు. తలవెంట్రుక మందమే సుమారు 0.05 నుంచి 0.1 ఉంటుంది. కోత వేడికి ఉక్కు సాగుతుంది. 100 మిల్లీమీటర్ల ముక్క 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.012 పెరుగుతుంది. వేడి మీద కొలిచి సరిపోయిందనుకుంటే, చల్లారాక చిన్నదై తుక్కులో పడుతుంది. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. పదో తరగతి లెక్కలు, మైక్రోమీటరు పట్టే అలవాటు, ఓపిక ఉంటే చాలు.

మన చేతులకు కొలత కొత్తా? పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు పిక్క కోసి పప్పు విరక్కుండా తీస్తారు. జీడి నూనెకి వేళ్లు కాల్తాయి. 240 రకం, 320 రకం అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, సుమారు అన్ని పప్పులు తూగాలని. చెప్పులు కుట్టే తాత కాలు చూసి తోలు కోసేవాడు. అదంతా నేర్పు కాదా? కులం ఆ నేర్పుకి అంటు అంటగట్టింది. కూలి ఇచ్చింది గానీ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

బాబాసాహెబ్ ఇది ముందే చూశారు. 1942లో వైస్రాయికిచ్చిన విజ్ఞాపనలో రైల్వే వర్క్‌షాపుల్లో, ప్రభుత్వ ముద్రణాలయాల్లో మనవాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకోవాలని అడిగారు. 1961 అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించాక శిక్షణ స్థానాల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ వచ్చింది. అప్రెంటిస్‌కి స్టైపెండు ఇవ్వాలి, ఒప్పందం రాసి నమోదు చేయాలి. అయితే శిక్షణ అయ్యాక ప్రతి ఒక్కరికీ ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. ప్రైవేటు ఉద్యోగాల్లో మనకు రిజర్వేషనూ లేదు. ఆ పోరాటం మిగిలే ఉంది.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. వాడకో సాయంత్రం బడి పెడదాం. దశాంశాలు, కోణాలు, డ్రాయింగు నేర్పుదాం. ఐటిఐలో మెషినిస్టు, టర్నరు, ఫిట్టరు సీట్లలో మగపిల్లలతో పాటు ఆడపిల్లల్నీ చేర్పిద్దాం. అప్రెంటిస్‌గా చేరే తమ్ముళ్లారా, ఒప్పందం కాగితం అడిగి తీసుకోండి. కంపెనీలో పని నేర్చినవాళ్లు పండక్కి ఊరొచ్చినప్పుడు పిల్లల చేత మైక్రోమీటరు పట్టించండి.

మైక్రోమీటరు కులం అడగదు. దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తేల్చేవాడు అడుగుతాడు. అందుకే చదువూ కావాలి, సంఘమూ కావాలి.

జై భీమ్!