సొర కోసం చేప కైమా: వాసన ఎవర్ని పిలుస్తుంది?

చాలామంది అడుగుతున్నారు: "బ్రో, విదేశీ వీడియోల్లో చేపల్ని నూరి సముద్రంలో వేసి సొరల్ని రప్పిస్తున్నారు కదా, మన కళింగపట్నంలో, భావనపాడులో అది పనిచేస్తుందా?" అని. పనిచేస్తుంది. అయితే ఎలా పనిచేస్తుందో తెలిస్తే, ఎక్కడ ఆగాలో కూడా తెలుస్తుంది.

దీన్ని చమ్మింగ్ అంటారు. కవళ్ళు, కానాగడతలు లాంటి నూనె ఉన్న చేపల్ని కైమాలా నూరి, వల సంచిలో కట్టి, పడవ పక్కన నీళ్లలో వేలాడదీస్తారు. నూనె, రక్తం కొద్దికొద్దిగా కారి నీటి వాలులో దారిలా సాగుతాయి. సొర ఆ వాసన పట్టుకుని ఎదురు ఈదుతూ వస్తుంది. ఒక్క రక్తపు బొట్టు పడితే మైలు దూరం నుంచి పసిగడుతుందన్నది కట్టుకథ. నీరు ఎంత దూరం మోసుకెళ్తే అంత దూరమే వాసన. అందుకే బకెట్టంతా ఒకేసారి గుమ్మరిస్తే లాభం లేదు, దారి తెగకుండా పడుతూ ఉండాలి.

మన తీరంలో నీటి వాలు ఏడాదంతా ఒకవైపే ఉండదు. మార్చి, ఏప్రిల్‌లో సాధారణంగా విశాఖ నుంచి ఒడిశా వైపు, నవంబరులో ఒడిశా నుంచి విశాఖ వైపు. కాబట్టి మీరు లంగరు వేసిన చోటొక్కటే చూస్తే చాలదు, వాసన వెళ్లి చేరే చోటూ చూడాలి. అక్కడ పక్క ఊరోళ్ల వలలు ఉండొచ్చు. సొర పడి వల చిరిగితే ఖర్చు మీది కాదు, ఆ జాలరిది. అందుకే ముందు ఊళ్లో అడగండి. జనం స్నానాలు చేసే ఒడ్డు దగ్గర మాత్రం అస్సలు వద్దు.

ఇంకోటి. మా సాఫ్ట్‌వేరోళ్ల భాషలో చెప్పాలంటే, ఇది ఆఫీసులో అందరికీ మెయిల్ కొట్టడం లాంటిది. ఎవరొస్తారో మన చేతిలో లేదు. పుట్టు చేసుకునే చిన్న పాల సొర రావచ్చు, కడుపుతో ఉన్న తల్లి సొర రావచ్చు. సొరలు మిగతా చేపల్లా లక్షల గుడ్లు పెట్టవు. ఎదగడానికి ఏళ్లు పడుతుంది, పిల్లలు కొద్ది. గంగా సొర, పాండిచ్చేరి సొర లాంటివైతే 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, చంపితే కేసే. ఏ సొరో పోల్చుకోలేకపోతే పడవలోకి లాగకండి. గేలం దగ్గరే తాడు కోసి వదిలేయండి.

2021 డిసెంబరులో తంతడి దగ్గర వలలో పడిన వేల్ షార్క్‌ని జాలర్లు, అటవీ శాఖవాళ్లు కలిసి ప్రాణాలతో మళ్లీ సముద్రంలోకి పంపారు. వేటే బతుకైనవాళ్లు వదిలారు. సరదాకి వెళ్లేవాళ్లం, మనకేం కష్టం?

మీ ఊళ్లో సొరల్ని ఏమేం పేర్లతో పిలుస్తారో కామెంట్లో రాయండి. ఉంటాను మరి!