షుగరున్న కంటిని కంప్యూటర్ చూస్తే
(వార్షికోత్సవ సభలో ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తెగిన పోగును వెదికి పట్టి ముడివేసే కళ్లు మనవి. అందుకే ఈ ఏడు షుగరు వల్ల కంటి రెటీనాకు వచ్చే జబ్బు గురించి నాలుగు మాటలు చెబుతున్నాం. ఇది మొదట్లో నొప్పి పెట్టదు, చూపూ తగ్గదు. "సూదిలో దారం ఎక్కిస్తున్నాను గదా, నాకేం?" అంటారు మనవాళ్లు. ఆపాటికే లోపల సన్నని ఎర్రచుక్కలు మొదలై ఉండవచ్చు.

రెటీనా ఫోటోను కంప్యూటర్‌తో చదివించే పరిశోధనలో, మనం తరతరాలుగా బతుకుతున్న తమిళ, కన్నడ నేలల ఆసుపత్రులకూ పాలుంది. గూగుల్ పరిశోధకులు 2016లో ప్రకటించిన అధ్యయనంలో 1,28,175 ఫోటోలతో కంప్యూటర్‌కు నేర్పారు. అమెరికా ఫోటోలతోపాటు అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ ఫోటోలూ అందులో ఉన్నాయి. ఒక్కో ఫోటోను 3 నుంచి 7 సార్లు డాక్టర్లతో చూపించారు. అన్నిసార్లు ఎందుకంటే, ఒకే ఫోటోకు ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబుతారు. ఒకే చీరను ఒకరు లోపమని, మరొకరు పర్వాలేదని అనడం మనం చూడనిదా? (కూలి కోత పడేది నేసినవాడికే, అది వేరే కథ.)

2019లో ప్రకటించిన మరో అధ్యయనంలో అరవింద్, శంకర నేత్రాలయల్లో 3,049 మంది మీద దాన్ని పరీక్షించారు. మధ్యస్థం, ఆపై స్థాయి జబ్బున్న ప్రతి 100 మందిలో ఒకచోట సుమారు 89 మందిని, ఇంకోచోట 92 మందిని పట్టింది. మంచి లెక్కే. మిగిలినవాళ్లు మాత్రం తప్పిపోయారు గదా! కాబట్టి ఈసారి "లేదు" అని వచ్చినా ఏడాదికి మళ్లీ చూపించుకోవాలి.

థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో ఇంకో చిక్కు వచ్చింది. మొదటి ఆరు నెలల్లో పెట్టిన 1,838 ఫోటోల్లో 21 శాతం పనికిరావని యంత్రం తిప్పికొట్టింది. కొన్నిచోట్ల గది చీకటిగా లేకపోవడం ఒక కారణం. అలాంటప్పుడు రోగి మరో ఊరి డాక్టరు దగ్గరకు పోవాలి. మనకైతే ఆ రోజు కూలి పోయినట్టే, చాలామంది వెళ్లనే వెళ్లరు.

అందుకని మన పేటల్లో క్యాంపు పెడతామని వచ్చేవారిని ముందే అడుగుదాం: చీకటి గది ఉందా? ఫోటో సరిగా రానివారిని అదే రోజు, అక్కడే చూసే డాక్టరున్నారా? శుక్లాలు, నీరుకాసులు కూడా చూస్తారా, లేక షుగరు జబ్బొక్కటేనా?

క్యాంపుకు వచ్చేటప్పుడు కొడుకునో కోడలినో తోడు తెచ్చుకోండి. చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, ఆ పూట మగ్గం ఎక్కలేరు.