పాతబస్తీ గొంతు, ఊరి మాట



ఇవాళ మీతో ఒక్క పాట గురించి మాట్లాడతాను. 2022 మార్చి 25న ‘ఆర్ఆర్ఆర్’ సినిమా వచ్చింది. ఆ ఎండాకాలం పెళ్లి బరాత్‌లలో, ఆటోలలో, హాస్టల్ గదుల్లో ‘నాటు నాటు’ మోగింది. మరుసటి ఏడు మార్చిలో దానికి ఆస్కార్ వచ్చింది. భారతీయ సినిమా పాటకు ఆ బహుమతి దక్కడం అదే మొదలు.

ఆ పాట పాడిన ఇద్దరిలో కాలభైరవ ఒకరు. రెండో గొంతు రాహుల్ సిప్లిగంజ్‌ది. రాహుల్ మన పాతబస్తీ బిడ్డ. నాన్నది క్షౌరవృత్తి. ఆ షాపులో తానూ పని చేశాడు. గజల్ విద్వాంసుడు పండిట్ విఠల్‌రావు దగ్గర ఏళ్ల తరబడి సంగీతం నేర్చుకున్నాడు. 2009లో ‘జోష్’ సినిమాకు పాడాడు. అవకాశాల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. సొంతంగా పాటలు చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. బస్తీ యాస దాచుకోలేదు. ‘జోష్’ నుంచి ఆస్కార్ వేదిక మీద పాడేదాకా 13 ఏళ్లు దాటింది.

పాట రాసిన చంద్రబోస్‌ది భూపాలపల్లి జిల్లా చల్లగరిగె. తన పల్లెలో చూసిన ఆట, తిండి, చెట్టు, పొలమే అందులో పెట్టారు. తొంభై శాతం సగం రోజులో అయిపోయిందట. మిగిలిన పది శాతానికి 19 నెలలు పట్టిందని ఆయనే చెప్పారు. కీరవాణి బాణీ కట్టారు. ప్రేమ్ రక్షిత్ అడుగులు కూర్చారు. 2021 ఆగస్టులో కీవ్‌లోని అధ్యక్ష భవనం ముందు చిత్రీకరించారు. మన ఊరి మాట అంత దూరం పోయినా మారలేదు. ఊరి మాటగానే గెలిచింది.

మరి మన పాటల సంగతేంది? తీజ్ పండుగకు తండాలో ఆడబిడ్డలు పాడే పాటలు, దండారిలో గుస్సాడీల వెంట మోగే వాద్యాలు మీకు తెలుసు. కోయ డోలు మీద సమ్మక్క సారలమ్మ కథ చెప్పిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. అలాంటి పెద్దమనిషి పోతే, ఎవరూ నేర్చుకోని పాట ఆయనతోనే పోతుంది.

మీ అందరి చేతిలో ఫోన్ ఉంది. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు నానమ్మ దగ్గర కూర్చోండి. ఒక్క పాట పూర్తిగా రికార్డు చేయండి. అర్థం అడిగి రాసుకోండి. బీటు కలిపి కొత్తగా పాడాలనుకుంటే పాడండి, తప్పులేదు. కానీ ముందు పాట నేర్చుకోండి. వీడియో కింద ఆమె పేరు, ఊరి పేరు వేయండి. 2021లో ‘సారంగ దరియా’ మారుమోగినప్పుడు ఆ జానపదం సేకరించిన వాళ్లకు గుర్తింపు గురించి ఎంత గొడవైందో చూశాం. ఆ గొడవ మన పాటకు రావద్దు.

వ్యూస్ వస్తాయో రావో మన చేతిలో లేదు. పాట మిగలడం మాత్రం మన చేతిలోనే ఉంది. వచ్చే ఏడు ఈ వేదిక మీద మీరు తెచ్చిన పాటలు వినాలని నా ఆశ.