ఒక్క క్యాంపస్, ఎన్ని సైన్సులు? వాల్తేరు గుట్ట మీద నూరేళ్ల రీసెర్చ్

ఈ ఎపిసోడ్ వైజాగ్ ఇసుకతో మొదలుపెడదాం. ఆర్కే బీచ్‌కో, భీమిలికో వెళ్తే ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి కదా? చాలామంది అది పొల్యూషన్ అనుకుంటారు, ఓడల్లోంచి కారిన నూనె అనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువగా ఉండేది ఇల్మెనైట్ అనే ఖనిజం. పక్కనే ఎర్రగా మెరిసేది గార్నెట్. కొంచెం మోనజైట్ కూడా ఉంటుంది, అందులో థోరియం ఉంటుంది. తూర్పు కనుమల రాళ్లు లక్షల ఏళ్లుగా అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చాయి. తేలిక ఇసుకని అల లాక్కెళ్లిపోయింది, బరువైన రేణువులు ఒడ్డునే ఉండిపోయాయి. అదే ఆ నల్ల చార.

ఈ ఇసుకని తీసుకెళ్లి, ఏ గింజ ఏమిటో తేల్చే పని 1940ల్లోనే మొదలైంది. చేసింది బీచ్‌కి పైన, గుట్ట మీద ఉన్న ఆంధ్ర యూనివర్సిటీ జియాలజీ వాళ్లు, ప్రొఫెసర్ సి. మహదేవన్, ఆయన శిష్యులు. మోనజైట్ సంగతి కూడా వాళ్లు అప్పుడే రాశారు.

నేను ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, "స్టేట్ యూనివర్సిటీలో రీసెర్చా? అక్కడేం ఉంటుంది బ్రో" అనే కామెంట్ నాకు తరచూ కనిపిస్తుంటుంది. ఏం ఉంటుందో, ఏం ఉండేదో ఒక్క క్యాంపస్‌ని పట్టుకుని చూపిస్తా. తర్వాత మీరే చెప్పండి.

ముందు కొంచెం చరిత్ర. ఆంధ్ర యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలైంది, 1930లో వాల్తేరుకి మారింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. సైన్సు కాలేజీ పెట్టాలంటే డబ్బు కావాలి కదా. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇస్తానని ముందుకొచ్చారు. ఆ రోజుల్లో లక్ష! ఆ సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు.

ఇక ఫిజిక్స్‌కి వద్దాం. 1932లో సూరి భగవంతం అనే కుర్రాడు లెక్చరర్‌గా చేరాడు. వయసు ఇరవై మూడు. ఊరు కృష్ణా జిల్లా ఆగిరిపల్లి. అంతకు ముందు కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేశాడు. రామన్ ఎఫెక్ట్ అంటే సింపుల్‌గా ఇది: ఒక పదార్థం మీద ఒకే రంగు కాంతి వేస్తే, చెదిరే కాంతిలో చాలా కొద్ది భాగం రంగు మార్చుకుంటుంది. ఎంత మారిందో కొలిస్తే ఆ పదార్థంలో అణువులు ఎలా కంపిస్తున్నాయో తెలుస్తుంది. ప్రతి అణువుకీ ఒక వేలిముద్ర లాంటిది అన్నమాట. ఇవాళ ఫార్మా కంపెనీల్లో డ్రమ్ములో ఏ కెమికల్ ఉందో కవర్ విప్పకుండా చేతిలో పట్టుకునే యంత్రంతో చెక్ చేస్తున్నారంటే, పనిచేసేది ఈ సూత్రమే.

భగవంతం గారు ఇంకో అడుగు వేశారు. అదే యూనివర్సిటీలోని వెంకటరాయుడు అనే లెక్కల ఆయనతో కలిసి కూర్చున్నారు. ఇద్దరూ గ్రూప్ థియరీ అనే గణితాన్ని ఫిజిక్స్‌కి ఎలా వాడాలో రాసిన పుస్తకం 1948లో వచ్చింది. దాని ఉపయోగం చూడండి. కార్బన్ డయాక్సైడ్‌లో మధ్య ఒక కార్బన్, అటూ ఇటూ రెండు ఆక్సిజన్లు. రెండు ఆక్సిజన్లూ ఒకేసారి దూరంగా జరిగి, ఒకేసారి దగ్గరకొస్తే, ఆ కంపనం రామన్‌లో కనిపిస్తుంది, ఇన్‌ఫ్రారెడ్‌లో కనిపించదు. ఎందుకు? జవాబు అణువు సౌష్ఠవంలో, అంటే సిమెట్రీలో ఉంది. ల్యాబ్‌లోకి వెళ్లకుండానే కాగితం మీద చెప్పేయొచ్చు. రెండు డిపార్ట్‌మెంట్లు ఒకే క్యాంపస్‌లో ఉండబట్టి పుట్టిన పుస్తకం ఇది.

ఇంకో బిల్డింగ్‌లోకి వెళ్దాం. కెమిస్ట్రీ. అక్కడ టి.ఆర్. శేషాద్రి గారు. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర డాక్టరేట్ చేసొచ్చారు, ఆ రాబిన్సన్‌కి 1947లో నోబెల్ వచ్చింది. వాల్తేరులో శేషాద్రి గారు చేతికి తీసుకున్న వాటిలో ఒకటి మన పత్తి పువ్వు. పత్తి చేను చూసినవాళ్లకి తెలుసు, పొద్దున లేత పసుపులో విచ్చిన పువ్వు మర్నాటికి గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆ పువ్వుల్లోని రంగు పదార్థాలని వేరుచేసి, ఒక్కోదాని నిర్మాణం ఏమిటో ఆయన బృందం తేల్చింది. ఫ్లేవనాయిడ్స్ అని ఇవాళ గ్రీన్ టీ ప్యాకెట్ల మీద కూడా చదువుతుంటాం కదా, ఆ కుటుంబమే ఇది. 1960లో ఆయన లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

ఇదంతా ప్రశాంతంగా జరిగిందనుకోకండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులు వేశాయి. యూనివర్సిటీ గుంటూరుకి తరలిపోయింది. గాజు సామాను, పరికరాలు, కెమికల్స్ అన్నీ మూటగట్టుకుని వెళ్లి, మళ్లీ తిరిగొచ్చి పని కొనసాగించారు.

యుద్ధం అయ్యాక సముద్రం వంతు. 1950ల్లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త విజిటింగ్ ప్రొఫెసర్‌గా వచ్చారు. అప్పటికే ఇక్కడ రాళ్లు చదివే వాళ్లున్నారు, చేపలు, పీతలు చదివే జువాలజీ వాళ్లున్నారు. అందరికీ ఎదురుగా బంగాళాఖాతం! ఆయనా, ఇక్కడి విద్యార్థులూ కలిసి వాల్తేరు తీరంలో నీళ్ల ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచారు. ఎండాకాలం ముందు నైరుతి గాలి తీరం వెంబడి వీస్తుంది. భూమి తిరగడం వల్ల పైనీళ్లు కుడివైపుకి, అంటే లోపలి సముద్రంలోకి జరుగుతాయి. ఆ ఖాళీలోకి కింద నుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి. వాటితోపాటు పోషకాలు, వాటిని తిని పెరిగే ప్లాంక్టన్, ఆ ప్లాంక్టన్ కోసం చేపలు. దీన్నే అప్‌వెల్లింగ్ అంటారు. మన జాలరి వలలో పడే చేపకీ, వీచే గాలికీ లింకు ఇది.

1963లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధనలో భాగంగా ఆంటన్ బ్రూన్ అనే ఓడ మన తీరం దాటి తిరిగినప్పుడు, సముద్రం అడుగున పెద్ద లోయలు బయటపడ్డాయి. లాఫాండ్ వాటికి పెట్టిన పేర్లేంటో తెలుసా? ఆంధ్ర, కృష్ణ, మహదేవన్. అవును, ఇందాక ఇసుక చదివారని చెప్పుకున్న మహదేవన్ గారే. బంగాళాఖాతం అడుగున ఒక లోయ మన ప్రొఫెసర్ పేరు మీద ఉంది.

ఇంకా నమ్మబుద్ధి కాకపోతే ఇది వినండి. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు ఇల్లు వదిలి హిమాలయాల్లో తపస్సు చేసి, స్వామి జ్ఞానానంద అయ్యారు. తర్వాత యూరప్ వెళ్లి ఫిజిక్స్ చదివారు! తిరిగొచ్చి 1950ల్లో ఆంధ్ర యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. అక్కడి ల్యాబ్‌కి ఆయన పేరే ఉంది. ఇక ఇక్కడే 1940 ప్రాంతంలో లెక్కల్లో ఎం.ఏ. చేసిన ఒక స్టూడెంట్ సి.ఆర్. రావు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, స్టాటిస్టిక్స్‌లో అతిపెద్ద అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు.

ఇప్పుడు నా అసలు పాయింట్. ఇసుక, కాంతి, పువ్వు, సముద్రం, కేంద్రకం: ఇవన్నీ ఒకే గుట్ట మీద, నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయి. ఆ దూరమే అసలు బలం. లెక్కలాయన పక్కన లేకపోతే గ్రూప్ థియరీ పుస్తకం రాదు. జియాలజీ, జువాలజీ ముందే లేకపోతే సముద్ర శాస్త్రం అంత తొందరగా వేళ్లూనుకోదు. వీటిలో చాలావాటికి ఆ రోజున మార్కెట్ లేదు. "పత్తి పువ్వు రంగుకి ప్యాకేజీ ఎంత?" అని అడిగితే ఆ ల్యాబ్ తెరుచుకునేదే కాదు.

మరి ఇప్పుడో? 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూనివర్సిటీల్లో మూడు వేలకు పైగా టీచింగ్ పోస్టులు భర్తీ చేస్తామంది. అంటే అన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయనే కదా అర్థం. గైడ్ రిటైరై, ఆ పోస్టు ఖాళీగా ఉండిపోతే, ఆయనతోపాటు ఒక సబ్జెక్టే ఆ క్యాంపస్‌లోంచి వెళ్లిపోతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టాలంటే ఒక తరం పడుతుంది. సీట్లు నిండే కోర్సులే ఉంచి మిగతావి మూసేస్తే, పక్క బిల్డింగ్ అనేదే ఉండదు. పల్లె నుంచి వచ్చి తక్కువ ఫీజుతో ఎమ్మెస్సీ చదివే పిల్లకి ఆ తలుపు మూసుకుపోతుంది. నష్టం ముందు ఆ అమ్మాయిది, తర్వాత మనందరిది.

మీరు డిగ్రీలో ఉంటే రెండు పనులు చేయండి. ఒకటి, ఫోన్‌లో శోధ్‌గంగ ఓపెన్ చేయండి. దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ ఫ్రీగా చదవొచ్చు. మీ జిల్లా పేరో, మీ ఊరి నది పేరో కొట్టి చూడండి, ఎవరో ఒకరు ఆ నీళ్లనో మట్టినో చదివే ఉంటారు. రెండు, దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. రెండు నెలలు ఒక సైంటిస్ట్ దగ్గర పని, స్టైపెండ్ కూడా ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు మిస్ అవ్వకండి.

అప్లికేషన్ దాకా ఎందుకు, రేపు కాలేజీకి వెళ్లినప్పుడు మీది కాని డిపార్ట్‌మెంట్‌లోకి ఒకసారి వెళ్లి, "సార్, మీరు దేని మీద పనిచేస్తున్నారు?" అని అడగండి. వాళ్లేం చెప్పారో కింద రాయండి. మంచివి ఏరి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా. ఉంటానండి మరి.