షోపాన్ పోటీకి పియానో సాధన

పోలండ్ రాజధాని వార్సాలో అయిదేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ షోపాన్ పియానో పోటీ 1927లో మొదలైంది. ఇందులో ఫ్రెడరిక్ షోపాన్ రచనలు తప్ప మరేవీ వాయించరు. అందుకే దీనికి సిద్ధమయ్యేవారి సాధన ఏళ్ల తరబడి ఆ ఒక్క స్వరకర్త చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ఎట్యూడ్లు, అంటే వాదన నైపుణ్యాన్ని పెంచే సాధన రచనలు. పన్నెండేసి రచనలతో రెండు సంపుటాలున్నాయి. మొదటి సంపుటంలోని రెండోది మరీ కఠినం. కుడిచేతి చివరి మూడు వేళ్లు అర్ధస్వరాల వరుసను ఎడతెగకుండా పరుగెత్తిస్తుంటే, అదే చేతి బొటనవేలు, చూపుడువేలు కింద స్వరగుచ్ఛాలు పలికించాలి. బలహీనమైన వేళ్లకే పెద్ద బరువు! తొందరపడితే మణికట్టు బిగుసుకుపోతుంది. కనుక లయను టిక్కుటిక్కుమని కొలిచే మెట్రోనోమ్ సాయంతో, నిదానంగా మొదలుపెట్టి, వేగం కొద్దికొద్దిగా పెంచుతారు.

అసలు కష్టం మజుర్కాలలో ఉంది. పోలిష్ జానపద నృత్యాల నుంచి పుట్టిన ఈ మూడు మాత్రల రచనల్లో చాలావరకు వేళ్లకు తేలికే. కానీ ఊనిక తరచూ రెండో మాత్రకో మూడో మాత్రకో జారుతుంది. ఆ ఒడుపును కాగితం మీది స్వరలిపి పూర్తిగా చెప్పలేదు. విని విని పట్టుకోవాల్సిందే. మజుర్కాలను మేటిగా వాయించినవారికి పోలిష్ రేడియో 1927 నుంచి ప్రత్యేక బహుమతి ఇస్తోంది.

చివరి విడతలో ఆర్కెస్ట్రాతో కలిసి కన్చెర్టో వాయించాలి. షోపాన్ రాసినవి రెండే, రెండూ ఇరవై ఏళ్ల ప్రాయంలోనివే. సాధన వేళ ఆర్కెస్ట్రా దొరకదు గనుక దాని భాగాన్ని రెండో పియానో మీద మరొకరు వాయిస్తారు. 2025 పోటీలో కన్చెర్టోతో పాటు, షోపాన్ చివరి ఏళ్లలో రాసిన పొలొనేజ్-ఫాంటసీని కూడా ఫైనల్‌లో తప్పనిసరి చేశారు.