ఉగాది వంటిల్లు
(పిట్టలవానిపాలెం స్మారకోపన్యాసం)



ఒక తల్లి జ్ఞాపకార్థం ఆమె పిల్లలు ఏర్పాటు చేసిన ఉపన్యాసం ఇది. అందుకే ఏ గ్రంథం గురించో కాకుండా పండగనాటి వంటింటి గురించి మాట్లాడతాను. కొత్త సంవత్సరం ఎప్పుడో చెప్పేది పంచాంగం. ఇంటిల్లిపాదినీ ఒకచోట కూర్చోబెట్టేది మాత్రం వంట.

ముందు మన నేల సంగతి. కృష్ణ మీద 1855 నాటికి ఆనకట్ట పూర్తయి, కాలవలు పారాక ఈ పశ్చిమ డెల్టా అంతా వరిచేలైంది. వరి కోతకు కొద్దిరోజుల ముందు, చేలో పదును ఉండగానే, నిలబడ్డ పైరులో మినుములు చల్లేవాళ్లు. దున్నే పని లేదు, నీరు పెట్టే పని లేదు. మాగాణి తడికీ మంచుకూ పెరిగి, మాఘ ఫాల్గుణాల్లో పంట చేతికొచ్చేది. కళ్లంలో నూర్చిన మినుములు ఇల్లు చేరిన కొన్నాళ్లకే ఉగాది. కొత్త చింతపండు, మామిడి పిందెలు, వేపపువ్వు కూడా అప్పటికే సిద్ధం. మన పండగ విస్తట్లోకి గారెను తెచ్చింది శాస్త్రం కంటే ముందు చేనే అని నా నమ్మకం.

ఆ మినుముకు పల్లాకు తెగులూ బంగారుతీగా పట్టాయి. గుంటూరు దగ్గర లాం ఫారం శాస్త్రవేత్తలు కొత్త రకాలు ఇస్తూనే ఉన్నా, చాలామంది రైతులు వరి తర్వాత మొక్కజొన్నకో జొన్నకో మళ్లారు. వాళ్లను తప్పుపట్టను, పెట్టుబడి తిరిగి రావాలి గదా. కానీ ఒకప్పుడు మినుములకు పేరుపడ్డ ఈ గడ్డ మీదే పండగ గారెలకు కొట్టులో పప్పు కొనుక్కోవలసి రావడం నాకు బాధగానే ఉంటుంది.

కొత్త ఏడాదిని వంటతో ముడిపెట్టింది మనమొక్కళ్లమే కాదు. బెంగాలీలు మేష సంక్రమణాన్ని బట్టి ఏప్రిల్ 14నో 15నో పొయిలా బొయిశాఖ్ చేసుకుంటారు. వాళ్లది సౌరమానం, మనది చాంద్రమానం. ఆ రోజు వ్యాపారులు గణపతినీ లక్ష్మినీ పూజించి, హాల్ ఖాతా పేరుతో కొత్త పద్దు పుస్తకం తెరుస్తారు. ఖాతాదారులను పిలిచి మిఠాయి పెడతారు. ఢాకాలో 1967 నుంచి ఛాయానట్ సంస్థ రమ్నా పార్కులో తెల్లవారే వేళ పాటలతో కొత్త ఏడాదిని ఆహ్వానిస్తోంది. బంగ్లాదేశ్ నగరాల్లో ఆ రోజు పండగ తిండి ఏమిటో తెలుసా? రాత్రి నీళ్లుపోసి ఉంచిన చద్దన్నం, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, వేయించిన ఇలిష్ చేప. మన గోదావరి పులస కూడా ఆ చేపే. కష్టజీవి తినే చద్దన్నాన్ని పండగ పీట ఎక్కించిన వాళ్లంటే నాకు గౌరవం. మనమేమో చుట్టాలొస్తే చద్దికుండ దాచేస్తాం.

చేదు విషయంలోనూ మనకూ వాళ్లకూ దగ్గరితనం ఉంది. వసంతంలో బెంగాలీ ఇళ్లలో వేపచిగురూ వంకాయా కలిపి వేయించి అన్నంలో మొదటి ముద్దకు వడ్డిస్తారు. మనం ఏడాదినే వేపపువ్వు పచ్చడితో మొదలుపెడతాం.

ఆ పువ్వు వెనక ఎంత పని ఉందో చూడండి. పొద్దున్నే రెమ్మలు కోసుకురావాలి, గుడ్డ మీద పరిచి నలిపి పుల్లలు ఏరాలి. చింతపండు గింజలూ ఈనెలూ తీసి నానబెట్టాలి, మామిడి సన్నగా తరగాలి, బెల్లం కొట్టాలి. ఇక బొబ్బట్లయితే ఒంటిచేత్తో అయ్యే పని కాదు. అత్తగారు సెనగపప్పు ఉడకబెట్టి వారుస్తారు, ఒక కోడలు బెల్లం వేసి పూర్ణం రుబ్బుతుంది, ఇంకో కోడలు తోపుపిండి కలిపి నూనెలో నానబెడుతుంది, పండక్కొచ్చిన ఆడపడుచు అరిటాకు మీద తడుతుంది, ఎవరో ఒకరు పెనం దగ్గర కూర్చుంటారు. వార్చిన కట్టును కూడా పారబోయరు, చారు పెడతారు. ఏడాదిగా మాటల్లేని తోడికోడళ్లు కూడా ఆ పూట పనిలో పడి మాట కలిపిన ఇళ్లున్నాయి. డబ్బాలో కొని తెచ్చిన బొబ్బట్టు తియ్యగానే ఉంటుంది, మనుషులను కలిపే ఈ పని మాత్రం చేయలేదు.

అయితే ఒక మాట దాచకూడదు. ఈ ఆప్యాయత బరువంతా ఆడవాళ్ల నడుముల మీదే పడింది. మగవాళ్లు గుళ్లో పంచాంగ శ్రవణం విని, ఆదాయ వ్యయాలు తెలుసుకుని వచ్చి విస్తళ్ల ముందు కూర్చునేవాళ్లు. వండినవాళ్లు అందరి తర్వాత, చల్లారిన గారెలతో సరిపెట్టుకునేవాళ్లు. పాత పండగను తలచుకున్నప్పుడు దీన్ని కూడా తలచుకోవాలి. ఇది న్యాయం కాదు.

పాత అలవాటు మారదంటారేమో. 2022లో ఏప్రిల్ 2న ఉగాది వచ్చింది. ఆ నెల 4న మన పిట్టలవానిపాలెం మండలం గుంటూరు జిల్లా నుంచి కొత్త బాపట్ల జిల్లాలో చేరింది. ఇంతటి మార్పుకు రెండు రోజుల్లో అలవాటు పడ్డాం. వంటింట్లో అలవాటు మార్చుకోవడానికి ఎన్నేళ్లు కావాలి?

ఈ సభలో ఉన్న అన్నదమ్ములకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఉగాదికి వేపపువ్వు మీరు కోసుకురండి, పూర్ణం మీరు రుబ్బండి, మగపిల్లలను పెనం దగ్గర కూర్చోబెట్టండి. వడ్డన వేళకు మీ ఇంటి ఆడవాళ్లను మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, మీ చేతులతో వడ్డించండి.