మన లెక్క ఆగొద్దు
(సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పరిశోధన సంస్థలకు బయటిదేశాల పైసలు ఆగితే మాల మాదిగ వాడలకు ఏంది నష్టం అని మీరడగొచ్చు. సూటిగనే చెప్తాను.

'మా ఊళ్లో అంటరానితనం ఎక్కడుంది?' అంటారు పెద్దమనుషులు. ఆ నోరు మూయించేది లెక్క ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల్లో 565 ఊళ్ల అంటరానితనాన్ని లెక్కగట్టిన అధ్యయనం 2006లో పుస్తకంగా వచ్చింది. దానికి అండగా నిలిచింది యాక్షన్ ఎయిడ్ అనే అంతర్జాతీయ సంస్థ. గుజరాత్‌లో మార్టిన్ మాక్వాన్ పెట్టిన నవసర్జన్, అమెరికా సంస్థతో కలిసి 1,589 ఊళ్ల లెక్క తీసి 2010లో బయటపెట్టింది.

ఆ నవసర్జన్‌కు 2016 డిసెంబరులో కేంద్ర హోంశాఖ విదేశీ విరాళాల అనుమతి రద్దు చేసింది. జీతాలియ్యలేక కార్యకర్తలను ఇంటికి పంపాల్సి వచ్చింది. ఊళ్లు తిరిగే కాళ్లే ఆగిపోతే లెక్క ఎవరు తీయాలె?

ఈ చట్టం ఎమర్జెన్సీల, 1976లో పుట్టింది. 2010లో తిరగరాసిన్రు. 2020 సవరణతో ఉచ్చు బిగించిన్రు. విదేశీ పైసలు ఢిల్లీలోని ఒక్క స్టేట్ బ్యాంకు శాఖకే రావాలె. ఆఫీసు నడిపే ఖర్చు 50 శాతం నుంచి 20కి దించిన్రు. అసలు దెబ్బ వేరే ఉంది: ఒక సంస్థ తనకొచ్చిన ఆ పైసలను ఇంకో సంస్థకు ఇయ్యొద్దు. అంటే పెద్ద సంస్థ ద్వారా జిల్లాలోని చిన్న సంఘానికి సర్వే పని కోసం వచ్చే దారి మూసుకుపోయింది. ఢిల్లీలో 1973 నుంచి ఉన్న సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌కే 2024 జనవరిలో అనుమతి రద్దయింది. పెద్ద చెట్టే ఊగితే చిన్న మొక్క గతేంది?

పైసలకు లెక్క చెప్పాల్సిందే, కాదనను. కాని సర్కారు తప్పును ఎత్తిచూపే పనికి సర్కారే అనుమతియ్యాలంటే, నిజం ఎట్ల బయటికొస్తది?

మన తప్పు కూడా ఉంది. ప్రాజెక్టు ఉంటే సర్వే, పోతే మరుపు! 1985లో కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపితే దళిత మహాసభ లేచింది. ప్రాజెక్టు కోసం లేవలేదు.

అందుకే ప్రతి వాడలో ఒక నోటుబుక్కు పెట్టండి. హోటల్ల గ్లాసు, గుడి, బావి, శ్మశానం, బడిల అన్నం. ఎక్కడ, ఏ తేదీన, ఎవరు చూసిన్రు అని రాయండి. పదో తరగతి చదివిన మన ఆడపిల్ల రాయగలదు. పెద్ద పరిశోధనకు ఇది బదులు కాదు. దాని హక్కు కోసం కొట్లాడుదాం. కాని పైసలు ఆగినా సాక్ష్యం ఆగొద్దు.

జై భీమ్!